రెండు పండ్లు, రెండు ధరలు

మన పిల్లలు పై తరగతులకు వచ్చేసరికి లెక్కలలో అంకెల సరసన అక్షరాలు వచ్చి చేరుతాయి. బడిలో ఆ పాఠం కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, ఇంగ్లీషులోనో జరుగుతుంది. మనలో చాలామందిమి "ఇది మనవల్ల కాదు, ట్యూషను మాస్టరుగారు చూసుకుంటారు" అని తప్పుకుంటాము. దానితో పిల్లలకు లెక్క వేరు, ఇల్లు వేరు అయిపోతాయి. ఇది తగదని మా మనవి.

క్రీ. శ. 850 ప్రాంతాన, కన్నడదేశమేలిన రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రచించాడు. అందులో ఒక లెక్క ఉన్నది. 9 మాదీఫలాలకు, 7 వెలగపండ్లకు కలిపి వెల 107. 7 మాదీఫలాలకు, 9 వెలగపండ్లకు కలిపి 101. ఒక్కొక్క పండు వెల ఎంత?

తెలియనివి రెండు. రెంటినీ ఒకేసారి పట్టబోతే ఏదీ చేతికి రాదు. కనుక ముందు ఒకదానిని రెండవదానితో ముడిపెట్టి చెప్పుకోవాలి. రెండు బేరాలూ కలపండి. 16 మాదీఫలాలు, 16 వెలగపండ్లు, వెల 208. అనగా చెరి ఒకటి కొంటే 13. కాబట్టి 13లో మాదీఫలం వెల పోగా మిగిలినదే వెలగపండు వెల. ఇక వెలగపండు వచ్చిన చోటనల్లా ఈ మాటనే పెట్టాలి. దీనినే ప్రతిక్షేపణ పద్ధతి అంటారు.

మొదటి బేరంలో 7 వెలగపండ్లున్నవి. వాటి స్థానే ఏడు పదమూళ్లు 91 వేసి, 7 మాదీఫలాల వెల తీసివేయాలి. ఉన్న 9 మాదీఫలాలలో 7 పోగా 2 మిగులుతాయి. ఆ రెంటి వెలకు 91 కలిపితే 107. అనగా రెంటి వెల 16, ఒకదాని వెల 8. వెలగపండు 5. రెండవ బేరంలో సరిచూడండి: 56, 45 కలిసి 101. లెక్క కుదిరింది. బడిలో పండ్ల పేర్లకు బదులు అక్షరాలు వేస్తారు, అంతే తేడా.

పిల్లలు తడబడే చోట్లు రెండు. ఏడుతో 13ను గుణించి, తీసివేయవలసినదానిని గుణించడం మరుస్తారు. లేదా మొదటి బేరం ఒక్కదానినుంచే రాబట్టిన మాటను తిరిగి ఆ బేరంలోనే పెడతారు. అప్పుడు 107కు 107 సమానమని వస్తుంది. మా వంటి గుమాస్తాల భాషలో చెప్పాలంటే, కాగితానికి దాని నకలునే సాక్ష్యం చూపినట్లు!

మహావీరుని గ్రంథాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. అంత గ్రంథమే తెలుగులో ఇమిడినప్పుడు, ఒక్క లెక్క మన ఇంట ఇమడదా? ఈ రాత్రి భోజనాలయ్యాక పిల్లలకు తెలుగులో చెప్పండి. వారిచేత బడి భాషలో తిరిగి చెప్పించుకోండి.