జాతీయ క్రీడా పోటీలకు ఆతిథ్యం: పట్టణం ఎంపికలో పరిశీలించవలసిన అంశాలు

జాతీయ స్థాయి క్రీడా పోటీలు రాజధాని నగరాలకే పరిమితమన్న భావన క్రమంగా తొలగిపోతున్నది. 2021 మార్చిలో 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలకు సూర్యాపేట వేదిక కావడం ఇందుకు నిదర్శనం. 2016 అక్టోబరు 11న ఆవిర్భవించిన కొత్త జిల్లాకు ఐదేళ్లు నిండకముందే ఇటువంటి అవకాశం లభించడం గౌరవప్రదమైన విషయం. అయితే మార్చి 22న, పోటీల తొలి రోజుననే, ప్రేక్షకుల కోసం తాత్కాలికంగా నిర్మించిన గ్యాలరీ కుప్పకూలి వంద మందికి పైగా గాయపడినారు. తీవ్రంగా గాయపడిన కొందరిని హైదరాబాదుకు తరలించవలసి వచ్చినది. ఆతిథ్యం పొందడం ఒక ఎత్తయితే, వచ్చిన వారిని క్షేమంగా సాగనంపడం మరొక ఎత్తని ఆ సంఘటన స్పష్టం చేసినది.

ఎంపిక విధానం

సాధారణంగా జాతీయ క్రీడా సమాఖ్య పోటీల నిర్వహణ బాధ్యతను రాష్ట్ర సంఘానికి అప్పగిస్తుంది. రాష్ట్ర సంఘం జిల్లా శాఖలతోను, స్థానిక యంత్రాంగంతోను సంప్రదించి వేదికను ప్రతిపాదిస్తుంది. మైదానం, వసతి, రవాణా, వైద్యం, భద్రత అనే ఐదు అంశాలు ఈ దశలో ప్రధానమైనవి. కబడ్డీ జట్టులో సాధారణంగా 12 మంది క్రీడాకారులు ఉంటారు. 25 రాష్ట్రాల నుండి బాలుర, బాలికల జట్లు వచ్చినచో క్రీడాకారుల సంఖ్యే 600 అవుతుంది. శిక్షకులు, మేనేజర్లు, నిర్ణేతలు వీరికి అదనం. ఇంతమందికి నాలుగు రోజులపాటు భోజనం, పరిశుభ్రమైన తాగునీరు, బాలికలకు ప్రత్యేక వసతి కల్పించగల పట్టణమే పరిశీలనకు అర్హమవుతుంది.

మూడు పట్టణాలు, మూడు అనుకూలతలు

ఉమ్మడి నల్లగొండ జిల్లాలో పరస్పరం చేరువలో ఉన్న సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలను ఈ ప్రాతిపదికపై పోల్చి చూడవచ్చును. సూర్యాపేట హైదరాబాదు - విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారిపై ఉన్న జిల్లా కేంద్రం. 2019లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాల ఇక్కడి ప్రధాన బలం. రైలు సౌకర్యం లేకపోవడం లోటు. అదే రహదారిపై, రాష్ట్ర సరిహద్దుకు చేరువలో ఉన్న కోదాడకు ఖమ్మం వైపు నుండి కూడా రాకపోకలు సులభం. పట్టణ పరిసరాలలోని ఇంజనీరింగ్ కళాశాలలు వసతికి ఉపకరిస్తాయి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో, బియ్యం మిల్లులకు పేరొందిన మిర్యాలగూడ సికింద్రాబాద్ - గుంటూరు రైలు మార్గంపై ఉన్నది. దూర రాష్ట్రాల జట్లకు ఇది ఎంతో అనుకూలం. ఏ ఒక్క పట్టణంలోను అన్ని వనరులు లేనప్పుడు, పోటీలు ఒక చోట, వసతి మరొక చోట ఏర్పాటు చేయడమా, లేక ఉన్న వనరుల మేరకు పోటీల పరిమాణాన్ని తగ్గించడమా అన్నది ముందుగానే నిర్ణయించుకోవలసి ఉంటుంది.

చిన్న పట్టణాలకు దక్కిన గౌరవం

చిన్న పట్టణమన్న కారణంతో అవకాశం నిరాకరించనక్కరలేదు. 1961లో జాతీయ క్రీడా శిక్షణ సంస్థ ఢిల్లీలో కాక పటియాలాలోని మోతీబాగ్ రాజప్రాసాదంలో ఏర్పాటయినది. అమెరికాలో క్రీడా ప్రముఖుల స్మారక మందిరాలకు నెలవైన కూపర్స్‌టౌన్, కాంటన్ కూడా మహానగరాలు కావు. 1920లో వృత్తిపరమైన ఫుట్‌బాల్ సంఘం తమ ఊరిలోనే ఏర్పడినదన్న చారిత్రక ఆధారంతో కాంటన్ పౌరులు మందిరం కోసం పట్టుబట్టి, విరాళాలు సేకరించి, 1963లో దానిని సాధించుకొన్నారు. మన హైదరాబాదు సైతం 2002 జాతీయ క్రీడలను నిర్వహించి సమకూర్చుకొన్న అనుభవంతోనే 2003లో ఆఫ్రో-ఆసియా క్రీడలకు ఆతిథ్యమిచ్చినది. చిన్న పోటీలను చక్కగా నిర్వహించిన పట్టణానికే పెద్ద పోటీలు కోరే అర్హత కలుగుతుంది.

తాత్కాలిక గ్యాలరీ: శాశ్వత జాగ్రత్త

శాశ్వత స్టేడియం లేని పట్టణాలలో తాత్కాలిక గ్యాలరీలు తప్పనిసరి అవుతాయి. ప్రమాదం పొంచి ఉండేది ఇక్కడనే. స్థిరమైన ఆసనాలు లేని సమావేశ స్థలాలకు చదరపు మీటరుకు 5 కిలోన్యూటన్లు, అనగా సుమారు 500 కిలోల భారాన్ని లెక్కలోకి తీసుకోవలెనని భారతీయ ప్రమాణాలు నిర్దేశిస్తున్నవి. ప్రేక్షకులు ఒక్కసారిగా లేచినపుడు, కేకలు వేస్తూ ఊగినపుడు గ్యాలరీపై పక్కవాటుగా కూడ ఒత్తిడి పడుతుంది. నిలువు స్తంభాలు ఎంత బలమైనవైనా వాటిని బిగించే అడ్డ, ఏటవాలు బద్దెలు చాలకపోయినచో, అడుగున నేల మెత్తనైనచో నిర్మాణం ఒరిగిపోతుంది. 1992 మే 5న ఫ్రాన్స్‌లోని బాస్తియా పట్టణ సమీపంలో తాత్కాలిక గ్యాలరీ కూలి 18 మంది మరణించగా, రెండు వేల మందికి పైగా గాయపడినారు. సంపన్న దేశమైనను, నిరుపేద దేశమైనను ఈ విషయంలో మినహాయింపు లేదు.

జన సమూహాల నిర్వహణపై జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2014లో మార్గదర్శకాలు వెలువరించినది. వేదిక సామర్థ్యాన్ని ముందుగా లెక్కగట్టడం, ప్రవేశ, నిష్క్రమణ మార్గాలను వేరు చేయడం, అత్యవసర వైద్యాన్ని సిద్ధంగా ఉంచడం వాటిలో ముఖ్యమైనవి. ఈ ప్రాంతానికి జన సమూహాలు కొత్త కాదు. సూర్యాపేట సమీపంలోని దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతుల జాతర రెండేళ్లకొకమారు లక్షలాది భక్తులతో జరుగుతున్నది. 2025 ఫిబ్రవరిలోను జరిగినది. జాతర వేళ జాతీయ రహదారిపై వాహనాల దారి మళ్లింపు పోలీసు, రవాణా శాఖలకు అలవాటైన పని. ఆ అనుభవాన్ని క్రీడా వేదికలకు వర్తింపజేయవలసి ఉన్నది. అయితే గట్టుపైని జనం నేల మీద నిలుస్తారు, గ్యాలరీలోని జనం కట్టడం మీద నిలుస్తారన్న భేదాన్ని మరువరాదు.

ముందే తేల్చవలసినవి

ఆతిథ్యానికి దరఖాస్తు చేయు దశలోనే కొన్ని విషయాలు లిఖితపూర్వకంగా ఉండుట మేలు. గ్యాలరీ నమూనాను పరిశీలించిన ఇంజనీరు ఎవరు, ఎంతమందికి అనుమతి, ఆ సంఖ్య దాటినచో ప్రవేశాన్ని ఆపు అధికారం ఎవరిది, ప్రారంభోత్సవానికి ముందు తుది తనిఖీ ఎప్పుడు, సమీప ఆసుపత్రిలో పడకలు ఎన్ని అన్న ప్రశ్నలకు సమాధానాలు ముందే సిద్ధం కావలెను. ఈ వివరాలను పాత్రికేయులకు ముందుగానే అందజేసినచో ప్రజలకు సరైన సమాచారం చేరుతుంది, వదంతులకు తావుండదు.

కూత పెట్టి బరిలోకి దిగిన ఆటగాడు తిరిగి గీత దాటి తనవారిని చేరినపుడే ఆ కూతకు ఫలితం. అలాగే ఆట చూడవచ్చిన ప్రతి ఒక్కరూ సురక్షితంగా ఇల్లు చేరినపుడే ఆతిథ్య పట్టణం ఎంపిక సార్థకమవుతుంది.