పెండ్లిపత్రికలో పోయిన ణకారము

మన సంఘ సభ్యులొకరు తమ కుమార్తె పెండ్లిపత్రికలను అచ్చు వేయించుటకై హైదరాబాదు పాతనగరమునకు పోవుచు నన్నును తోడు రమ్మనిరి. చార్మినారునకు అల్లంత దూరముననున్న ఛత్తా బజారు పెండ్లిపత్రికలకు పేరు గన్నది. పత్రికలో వేయవలసిన సంగతులను వారి కుమారుడు, పదునారేండ్లవాడు, ముందుగనే ఫోనులో అంగడికి పంపియుండెను. మచ్చుపత్రిక చేతికి వచ్చినది. పెండ్లికుమార్తె తాతగారి పేరులోని ‘ణ’ పోయి ‘న’ వచ్చి కూర్చున్నది. ఇంటిపేరులోని ‘డ’ ‘ద’ యైనది. తండ్రి మండిపడెను. అంగడివాడు మారుమాటాడక ఫోను తీసి చూపెను. బాలుడు తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరములలో వ్రాసి పంపినాడు!

రైతు సోదరులారా, ఈ వ్రాత మన యిండ్లలో ప్రతిదినము జరుగుచున్నదే. ఆ అక్షరములలో పిల్లలు వ్రాయునపుడు ణకు నకు, ళకు లకు, డకు దకు భేదము నిలువదు. ‘కళ్లు’ అన్నను ‘కల్లు’ అన్నను ఒక్క తీరే. ‘మందు’ అన్నను ‘మండు’ అన్నను ఒక్క తీరే. పెండ్లిపత్రికయైనచో నవ్వుకొని దిద్దుకొందుము. మందు కొట్టునాడు ఏమి చేయుదుము?

ఆ అంగడిలో ఒక మూల వృద్ధుడైన కాతిబు రెల్లుకలముతో ఉర్దూ పత్రిక నొకదానిని వ్రాయుచుండెను. ఒకప్పుడు ఈ నగరపు ఉర్దూ దినపత్రికలు కాతిబుల చేతివ్రాతతోనే అచ్చునకు పోయెడివి. 1994లో ‘ఇన్‌పేజ్’ అను కంప్యూటరు సాధనము వచ్చిన పిదప ఆ వృత్తి సన్నగిల్లినది. అంగడిలో పనిచేయు కుర్రవాడు ఆ వృద్ధుని మనుమడట. తాత వ్రాసియిచ్చిన చీటీని కూడబలుకుకొని చదివెను. ఫోనులో వాడును తన ఉర్దూను ఇంగ్లీషు అక్షరములలోనే వ్రాయును. వాడును మన కుర్రవాడును పావుగంటలో స్నేహితులైరి. ఒకరి లిపి యొకరికి రాదు. అయినను ఆ అక్షరములతోనే ఇరువురును నవ్వుచు ముచ్చటలాడిరి. ఇది చెడ్డదని నేననజాలను.

తప్పులు దిద్దుటకు తండ్రి కలమును కాగితమును కుమారుని చేతికిచ్చెను. వాడు రెండు పేర్లను తెలుగున వ్రాయుటకు మూడు కాగితములు పట్టినవి. కొత్త మచ్చునకు రెండు గంటలు పట్టుననగా మేము నయాపూల్ మీదుగా మూసీ దాటి, అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమునకు పోతిమి. ఇది 1891లో ఆసఫియా గ్రంథాలయముగా వెలసినది. యువకులు చాలమంది యుండిరి. నాకు కనబడినంతలో అందరి ముందరను ఉద్యోగ పరీక్షల పుస్తకములే. అక్కడికి కొంత దూరమున, సుల్తాన్ బజారులో, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమున్నది. నిజాం రాజ్యములో తెలుగు చదువునకు ఆదరము కొరవడిన కాలమున, 1901లో, కొమర్రాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు మొదలగువారు దానిని నెలకొల్పిరి. నాడు పుస్తకము దొరకుటయే గగనము. నేడు అక్షరము జేబులోనే యున్నది. 1991 నాటి మొదటి యూనికోడు పట్టికలోనే తెలుగు లిపికి చోటు దొరికినది. నేటి స్మార్ట్‌ఫోనులలో తెలుగు మీటలు గలవు. మరి ఏల వాడవని బాలుని అడిగితిని.

“ఒత్తులు పెట్టేలోపు అవతలోళ్లు రెండు మెసేజీలు పంపిస్తరు సార్” అనెను.

పిల్లలు చదువుట, వ్రాయుట మానిరను మాటను నేనొప్పుకొనను. నేను ఆ యీడున నెలకొక జాబు వ్రాసిన గొప్ప; వీరు ఒక్క పూటలో అంతకు పదింతలు వ్రాయుదురు. లోపము మరియొక చోట నున్నది. 2023లో ప్రథమ్ సంస్థవారు ‘అసర్’ పేర 28 జిల్లాలలో 14 మొదలు 18 ఏండ్ల వారిని పరీక్షించిరి. సుమారు నాల్గవ వంతు మంది తమ ప్రాంతీయ భాషలో రెండవ తరగతి పాఠమును ధారాళముగా చదువలేకపోయిరి. అయినను నూటికి ఇంచుమించు 90 మంది యిండ్లలో స్మార్ట్‌ఫోనున్నది! చదువ వచ్చినవారికి ఓ.ఆర్.ఎస్. పొట్లముమీది సూచనలను చూపి నాలుగు ప్రశ్నలు వేయగా, మూడింటికైనను సరిగా బదులు చెప్పినవారు సుమారు మూడింట రెండు వంతులు మాత్రమే.

పురుగుమందు డబ్బాతో వచ్చు కాగితము ఆ పొట్లముకంటె కఠినమైనది. 1971 నాటి నియమముల ననుసరించి దానిని హిందీ, ఇంగ్లీషులతోపాటు ప్రాంతీయ భాషలోను అచ్చు వేయవలెను. మోతాదు, విషలక్షణములు, ప్రథమ చికిత్స, విరుగుడు, అన్నియు అందులోనే యుండును; చీమ తలకాయలంతటి అక్షరములలో ననుకొనుడు. డబ్బామీది ఎరుపు గుర్తు మిక్కిలి ఘోరమైన విషమునకు. తరువాత వరుసగా పసుపు, నీలము, ఆకుపచ్చ. రంగును చూచుటకు చదువక్కరలేదు గాని, తక్కినదంతయు చదువవలసినదే. మందు కలుపుటకు ముందురాత్రి ఆ కాగితమును పిల్లలచేత పైకి చదివించుడు. సంఘపు అప్పు పత్రమును, ఎరువుల రసీదును గూడ వారి చేతనే చదివించుడు.

తిరుగు ప్రయాణమున బస్సులో నా సంచిలోని యట్టి కాగితము నొకదానిని ఆ బాలునికిచ్చితిని. మొదట ఫోనును దానిపై పట్టెను. ఫోను చక్కగా చదివి వినిపించినది! పొలములో చేతులు మందుతో తడిసియున్నపుడు ఏమి చేయుదువనగా ఫోను జేబులో పెట్టి తానే మొదలుపెట్టెను. ‘విరుగుడు’ అను మాటవద్ద చాలసేపు ఆగెను. మోతాదు వద్దకు వచ్చి వ్రేళ్లు మడిచి లెక్కవేసెను.

“లీటరుకు 2 మిల్లీలీటర్లు అంటే, 16 లీటర్ల ట్యాంకుకు 32 కదా సార్? మా నాయిన మూతల లెక్కన పోస్తడు.”

ముందు సీటులోనున్న తండ్రి కిటికీవైపు చూచుచు పలుకలేదు. కొంతసేపటికి వెనుకకు తిరిగి, ఆ కాగితము ఇటిమ్మని చేయి చాచెను.