క్రికెట్టు నాయకత్వము

1932వ సంవత్సరమున లార్డ్సు మైదానమున భారతజట్టు తన మొదటి టెస్టు నాడినది. యాత్రకు నాయకుడైన పోరుబందరు మహారాజు ఆ యాటకు తానే తప్పుకొనగా కొఠారి కనకయ్య నాయుడు నాయకత్వము వహించెను. ఇంటిపేరే చెప్పుచున్నట్లు ఆయన తెలుగు కుటుంబమువాడు. మనవారు 158 పరుగుల తేడాతో నోడిరి. కాని ప్రారంభమున నిస్సారు ధాటికి ఆంగ్లేయులు 19 పరుగులకే మూడు వికెట్లు పోగొట్టుకొనిరి. ఆ యోటమిని మేము అవమానముగా నెంచము.

1936 నాటి మాట వేరు. నాయకుడు విజయనగర మహారాజకుమారుడు. మనవాడే యగుటచే నీ మాట వ్రాయుటకు మాకు కష్టముగానే యున్నది: ఆటకంటె హోదా ముందు నడచినది. మేటి యాటగాడగు లాలా అమరనాథు మొదటి టెస్టునకు ముందే యింటికి పంపివేయబడెను. మూడు టెస్టులలో రెండు పోయినవి.

ప్రపంచకప్పు పోటీలలోను ఆరంభము దీనమే. 1975లో తూర్పు ఆఫ్రికాపై తప్ప గెలుపు లేదు. ఇంగ్లండు 334 పరుగులు చేసిన యాటలో గవాస్కరు 60 ఓవర్లును నిలిచి 36 పరుగులు చేసెను. ఏల యట్లాడెనో మాకు నేటికిని బోధపడదు. 1979లో, అప్పటికి టెస్టు హోదాయైన లేని శ్రీలంక చేత గూడ నోడిరి.

1983లో జింబాబ్వేపై 17 పరుగులకు అయిదు వికెట్లు పడినవేళ నాయకుడు కపిలదేవు అజేయుడై 175 పరుగులు చేసెను. ఆయనకు సంస్థానము లేదు, బిరుదు లేదు. తుదిపోరున మనవారు చేసినది 183 పరుగులే. వెస్టిండీసు 140కే కూలినది. 2011లో రాంచీవాడగు ధోనీ నాయకత్వమున కప్పు మరల వచ్చెను. 2023లో వరుసగా పది యాటలు గెలిచి, అహమ్మదాబాదున ఆస్ట్రేలియాకు దానిని విడిచిరి. ఆ యోటమికి ఎవరి హోదాయు కారణము గాదు. ఆనాడు ఆస్ట్రేలియావారు మనకంటె బాగుగ నాడిరి.