టికెట్ ముందా... వాన ముందా?

సెలవులకు హైదరాబాద్ పోదామని ఇంట్లో అనుకున్నారనుకోండి. పిల్లలకు చార్మినార్ చూపించాలి, సాలార్‌జంగ్ మ్యూజియం చూపించాలి. ఇంటర్ చదివే కొడుకు సెల్‌ఫోన్ తీసి, ‘మ్యూజియం టికెట్లు ఇప్పుడే బుక్ చేసేదా నాయనా?’ అంటాడు. ‘ఆ పొద్దుకు పోతామో లేదో తెలీదు... ఇప్పటినుంచే దుడ్లు కట్టేదేందిరా?’ అంటాడు తండ్రి.

ఇల్లు నల్లమాడలో అయితే ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది!

పాత అనంతపురం జిల్లాలో, 2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్న ఈ మండలం నుంచి హైదరాబాద్ దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు. రాను పోను ఛార్జీలు, రెండు పూటలు హోటల్ భోజనం, రాత్రి బస... నలుగురున్న కుటుంబానికి మ్యూజియం టికెట్ ఖర్చు వీటిముందు ఏపాటిది? కానీ అంతదూరం వెళ్లాక తలుపు మూసి ఉంటే? పోయేది టికెట్ డబ్బు కాదు, ప్రయాణం మొత్తం.

సాలార్‌జంగ్‌కు శుక్రవారం సెలవు. ఆదివారం సెలవుకు అలవాటుపడ్డవాళ్లకు ఈ ముక్క తట్టదు. గురువారం రాత్రి బస్సెక్కి శుక్రవారం పొద్దున్నే నగరంలో దిగితే మూసీ ఒడ్డున గేటు చూసి రావాల్సిందే. పండగ రోజు తెరుస్తారో లేదో కూడా ముందే ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది. టికెట్ బుక్ చేయడం కన్నా ముందు చేయాల్సిన పని ఇది.

ఇంతకీ అక్కడ టికెట్ ముందే కొనాలా? మామూలు రోజుల్లో అయితే అక్కర్లేదు. కౌంటర్ దగ్గర ఇస్తారు, మ్యూజియం సొంత వెబ్‌సైట్‌లోనూ దొరుకుతుంది. దసరా సెలవులు, వేసవి సెలవులు, ఆదివారాలు... అప్పుడు మాత్రం క్యూలో నిలబడే ఓపిక లేనివాళ్లు, వెంట ముసలివాళ్లు ఉన్నవాళ్లు ముందే కొనుక్కుంటే కాళ్లనొప్పులు తగ్గుతాయి. అంతకుమించి ఒరిగేది లేదు.

ఎందుకంటే అక్కడ అసలు రద్దీ టికెట్ దగ్గర కాదు, గడియారం దగ్గర!

గంట కొట్టే గడ్డం తాత

సాలార్‌జంగ్ వెళ్లొచ్చినవాళ్లను ‘ఏం చూశావ్?’ అని అడిగితే చాలామంది మొదట చెప్పేది మ్యూజికల్ క్లాక్ గురించే. గంట కాగానే గడియారంలోంచి గడ్డం ఉన్న చిన్న బొమ్మ బయటికొచ్చి, ఎంత టైమైతే అన్నిసార్లు గంట కొట్టి మళ్లీ లోపలికి వెళ్లిపోతుంది. పక్కనే కమ్మరి బొమ్మ సెకన్లు లెక్కపెడుతున్నట్టు సుత్తితో కొడుతూనే ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండు కొట్టేటప్పుడు చూడాలి... పన్నెండు దెబ్బలు కదా! ఆ టైముకు జనమంతా అక్కడే. ఆన్‌లైన్‌లో కొన్న టికెట్‌కూ, కౌంటర్‌లో కొన్న టికెట్‌కూ అక్కడ తేడా లేదు. ముందొచ్చిన వాళ్లకే ముందు చోటు.

ఆ హడావుడిలో తక్కిన గదులు వదిలేసి రావడం పెద్ద నష్టం. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో కన్నుమూశాక, ఆ కుటుంబం పోగుచేసిన వస్తువులతో 1951 డిసెంబర్ 16న దివాన్ దేవిడీలో ఈ మ్యూజియం మొదలైంది. తెరిచింది నెహ్రూ. ఇప్పుడున్న భవనంలోకి 1968లో మారింది. మేలిముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మను ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కాడు. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో దాన్ని కొన్నాడు. రాతిలోంచి మొహం మీది పల్చటి ముసుగు కనిపిస్తుంటే, అది గుడ్డ కాదని పిల్లలను నమ్మించడం కష్టమే. ఇంకోచోట ఒకే కొయ్యలో రెండు బొమ్మలు... ముందు మెఫిస్టోఫిలీస్ అనే దయ్యం, వెనక మార్గరెటా అనే అమ్మాయి. ఆ అమ్మాయిని వెనక పెట్టిన అద్దంలో చూడాలి. ఇవన్నీ చూడాలంటే సగం పూట చాలదు. సాయంత్రం అయిదింటికి మూసేస్తారు కాబట్టి పొద్దున పది గంటలకే గేటు దగ్గరుండటం టికెట్ కన్నా ముఖ్యం.

ముందే కొనకపోతే కుదరనివి

ఇప్పుడు రెండో రకం చూడండి. కొడుకో కూతురో విదేశాల్లో ఉండి, అమ్మానాన్నలను రప్పించుకునే ఇళ్లు ఈ సీమలోనూ ఉన్నాయి. వాళ్లకు లెక్క వేరు. ఇటలీలోని మిలాన్‌లో డావిన్సీ ‘లాస్ట్ సప్పర్’ ఒక మఠం భోజనశాల గోడ మీద ఉంది. రంగులు పాడవకుండా కొద్దిమందినే లోపలికి పంపుతారు, ఒక్కో బృందానికి పదిహేను నిమిషాలే. అప్పటికప్పుడు వెళ్లి చూద్దామంటే దాదాపు అసాధ్యం. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆన్ ఫ్రాంక్ దాక్కున్న ఇంటికి కౌంటరే లేదు. ఆరువారాల తర్వాతి టికెట్లను ప్రతి మంగళవారం ఆన్‌లైన్‌లో పెడతారు, అవి ఇట్టే అయిపోతాయి. ఇలాంటివాటికి విమానం టికెట్‌తో పాటే మ్యూజియం టికెట్ కూడా చూసుకోవాలి.

పారిస్‌లోని లూవ్ర్ సంగతి మధ్యస్తం. 2024లో 87 లక్షల మంది చూసిన మ్యూజియం అది. టైము వేసిన టికెట్ ముందే కొనుక్కోవడమే మేలు. అలాగని కొన్నవాళ్లంతా నిశ్చింతగా ఉన్నారా? 2025 జూన్ 16న అక్కడి సిబ్బంది ఈ జనాన్ని తట్టుకోలేమంటూ ఉన్నట్టుండి పని ఆపేశారు. టికెట్లు చేత పట్టుకుని వేలమంది ఎండలో నిలబడ్డారు.

ఇంకో జాగ్రత్త. పెద్ద మ్యూజియాల పేరుతో వెతికితే మొదట కనిపించేవి తరచూ దళారుల వెబ్‌సైట్లు. అదే టికెట్‌కు ఎక్కువ ధర. మ్యూజియం సొంత సైటే అవునో కాదో చూసుకున్నాకే డబ్బు కట్టాలి. తేదీ మార్చుకోవచ్చా, డబ్బు వాపసిస్తారా అన్నది కూడా అక్కడే ఉంటుంది, చదవాలి.

నల్లమాడ తండ్రి మాట

తేదీ మార్చుకోవడం... అసలు చిక్కు ఇక్కడే. పాత అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్ల చిల్లర. జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాగా పేరు. జూన్, జూలైల్లో ఒక మంచి వాన పడిందంటే పదును ఆరేలోగా శెనక్కాయ విత్తనం నేలలో పడాలి. ఆ నాలుగు రోజులు పోతే ఆ ఏటి పంటే అనుమానం. నెల ముందు తేదీ వేసుకుని టికెట్ కొనడం ఉద్యోగికి సులువు. మొబ్బును చూసి పనులు పెట్టుకునే రైతుకు ఆ తేదీ ఒక పందెం. ‘ఆ పొద్దుకు పోతామో లేదో’ అన్న తండ్రిది పిసినారితనం కాదు.

అందుకే ఇలాంటి ఇళ్లకు సంక్రాంతి తర్వాతి రోజులు అనువు. కాయలు కొట్టి, అమ్మి, చేతిలో నాలుగు డబ్బులుంటాయి. ఎండలు ఇంకా ముదరవు. రైలు, బస్సు టికెట్లు ముందే తీసుకుని, మ్యూజియం టికెట్ మాత్రం బయలుదేరే ముందు రోజు రాత్రి ఫోన్‌లో కొనుక్కున్నా సరిపోతుంది.

వానల కాలంలోనే పిల్లలు మారాం చేస్తే? బుకింగే అక్కర్లేని చోట్లు దగ్గర్లోనే ఉన్నాయి. లేపాక్షి వీరభద్రాలయం మండపాల పైకప్పు నిండా పదహారో శతాబ్దపు విజయనగర చిత్రాలే. చీరల అంచులు, కొప్పులు, తలపాగాలు ఒక్కొక్కటి ఒక్కో తీరు. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కిన ఈ గుడికి టికెట్ లేదు. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మ్యూజియాల్లో గాజు వెనక ఉండే బొమ్మ అక్కడ మనిషి చేతిలో తయారవుతుంటుంది.

పొద్దున పోతే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. దారిలో వాన పట్టుకుంటే మరీ మంచిది, మర్నాడే విత్తనం పెట్టుకోవచ్చు.