కొండదారిలో దాచిన పెట్టె

గుప్తనిధి యన్న మాట వినగానే మన గ్రామములలోని పెద్దలకు పాడుపడిన కోటలును, గునపములతో పెకలింపబడిన గుడులును స్ఫురించును. పది రూపాయలకు మించిన నిక్షేపము దొరకినచో సర్కారునకు దెలుపవలెనని 1878వ సంవత్సరపు చట్టము శాసించుచున్నను, త్రవ్వువారు త్రవ్వుచునే యున్నారు. నేను చెప్పబోవునది వేరొక విధమైన వెదకులాట. ఇందు త్రవ్వుట నిషిద్ధము. దొరకు సొత్తునకు వెల యుండదు.

దీనిని జియోకాషింగ్ అందురు. భూమి చుట్టును దిరుగు కృత్రిమోపగ్రహముల సంకేతములను గ్రహించి, మనము నిలిచిన తావుయొక్క అక్షాంశ రేఖాంశములను దెలుపు యంత్రము కలదు. ఇప్పుడది చేతి ఫోనులోనే యిమిడియున్నది. అమెరికా ప్రభుత్వమువారు సైనిక కారణములచే ఆ సంకేతములలో బుద్ధిపూర్వకముగా గొంత తప్పు గలుపుచుండిరి. దానివలన సామాన్యునికి నూరు గజముల వరకు తేడా వచ్చెడిది. 2000 మే నెలారంభమున ఆ కల్తీ మానిరి. వెంటనే, మే 3వ తేదీన, ఆరెగన్ రాష్ట్రమున డేవ్ ఉల్మర్ అను నాతడు ఒక నల్లని బక్కెట్టులో కొన్ని వస్తువులను, ఒక పుస్తకమును నుంచి, అడవిలో దాచి, ఆ తావు అంకెలను లోకమునకు బ్రకటించెను. కనుగొన్నవాడు పుస్తకమున వ్రాలు చేయవలెను; ఏదైన దీసికొన్నచో మరియొకటి యుంచవలెను. ఆట యింతియే.

దాగుడుమూతలు గదా యని మీరనవచ్చును. పెట్టె మట్టుకు జూచినచో నంతియే. విశేషమంతయు దాచు తావు నెన్నుకొనుటలో నున్నది.

వాషింగ్టన్ రాష్ట్రమున కాస్కేడు పర్వతములలో 'ఐరన్ గోట్' అను దారి కలదు. అనగా ఇనుప మేక. గ్రేట్ నార్దరన్ రైల్వే కంపెనీవారి ముద్ర కొండమేక. వారు 1893లో సియాటిల్ వరకు బూర్తిచేసిన మార్గపు పాత రైలుకట్టయే నేడు కాలిబాట. ఒక ప్రక్క టై నది లోయ. వేరొక ప్రక్క నాచుపట్టిన కాంక్రీటు గోడలు. కొండపైనుండి జారు మంచు పట్టాలపై బడకుండ గట్టిన కప్పుల యవశేషములవి.

ఈ దారి కొసన వెల్లింగ్టన్ అను స్టేషనుండెడిది. 1910 ఫిబ్రవరి కడపట నెడతెగక కురిసిన మంచులో ఒక ప్రయాణికుల బండియు, ఒక తపాలాబండియు దిగబడి, దినముల తరబడి కదలలేకపోయెను. పై చరియ కార్చిచ్చులచే చెట్లు లేక బోడియై యుండెను. మార్చి 1వ తేదీన, అర్ధరాత్రి దాటిన పిదప, ఉరుములు మెరుపుల నడుమ మంచుచరియ విరిగి రెండు బండ్లను లోయలోనికి ద్రోసెను. 96 మంది మరణించిరి. కంపెనీవారు స్టేషను పేరు టై అని మార్చిరి. పేరు మార్చినంతనే జ్ఞప్తి మాయునా? 1929లో దాదాపు ఎనిమిది మైళ్ల క్రొత్త సొరంగము పూర్తికాగా నీ మార్గమునే విడిచిరి. అడవి దానిని గప్పివేసెను. స్వచ్ఛంద సేవకులు పొదలు గొట్టి బాగుచేసిన బాట 1993లో దెరువబడెను.

ఇట్టి తావున ఆటలాడవచ్చునా? అంతమంది ప్రాణములు బోయిన లోయలో పెట్టె దాచుట తగదనియే నా యభిప్రాయము. కాని యీ యాటలోనే యొక యుపాయమున్నది. కొన్ని గుర్తులకు పెట్టె యుండదు. వెదకువాడు అచటి ఫలకమును జదివి, అందలి తేదీని సంఖ్యను గ్రహించి, లెక్కగట్టి, దూరమున నున్న మరియొక తావును దెలిసికొనవలెను. చదువనివానికి దారి దొరకదు. పంతులుగారి బెత్తము చేయలేని పని యిది!

స్థలము గలవారి యనుమతి లేనిదే పెట్టె దాచరాదు. శిథిలములనుండి తుప్పుపట్టిన మేకునైనను దీసికొనరాదు. పాత సొరంగములలో బ్రవేశింపరాదు, అవి కూలుచున్నవి.

సియాటిల్ ప్రాంతమున నిప్పుడు తెలుగువారు వేలకొలదిగ నున్నారు. మీ మనుమడొకడు సెలవులకు వచ్చి, ఫోను జూచుకొనుచు కొండవైపు నడచినచో, నిక్షేపముల దొంగ యని యనుమానింపకుడు. ఆ మెట్లదారి యెవరు వేయించిరో, ఆ బండకా పేరెందులకు వచ్చెనో కూర్చుండబెట్టి చెప్పుడు. వ్రాసికొనుటకు వాని వద్ద పుస్తకముండును.