పార్ట్ 2 వచ్చింది.. మరి పాత ట్యూన్ ఏమైంది?

‘స్టార్ వార్స్’ అనగానే చాలామంది చెవుల్లో మోగేది డార్త్ వేడర్ మార్చ్. నల్ల ముసుగు, బరువైన ఊపిరి, వెనక అడుగులో అడుగేస్తూ ట్రంపెట్లు, ట్రాంబోన్లు. ఇప్పుడొక చిన్న ప్రశ్న. 1977లో వచ్చిన మొదటి సినిమాలో ఆ ట్యూన్ ఏ సీన్‌లో వస్తుంది?

వెతక్కండి, దొరకదు. ఆ సినిమాలో అది లేనే లేదు. జాన్ విలియమ్స్ ఆ మార్చ్‌ని 1980లో వచ్చిన సీక్వెల్ ‘ద ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’ కోసం రాశారు. మనం ఒరిజినల్ అనుకుంటున్నది నిజానికి పార్ట్ 2 సొత్తు!

ఈ సంగతి తెలిశాక నాకో పిచ్చి పట్టుకుంది. రెండు పార్టులున్న సినిమాల నేపథ్య సంగీతాన్ని పక్కపక్కన పెట్టుకుని, బొమ్మ లేకుండా, ఇయర్‌ఫోన్స్‌లో వినడం. సీక్వెల్ బాగుందా లేదా అని మనం ఎంత గొడవపడినా అది కథ, గ్రాఫిక్స్, కలెక్షన్ల దగ్గరే ఆగిపోతుంది. కానీ మొదటి పార్ట్‌ని ఏళ్ల తరబడి మనలో దాచిపెట్టేది ట్యూనే. రెండో పార్ట్ ఆ ట్యూన్‌ని ఏం చేసిందో వింటే చాలు, ఆ టీమ్ మన జ్ఞాపకాన్ని గౌరవించిందో, అమ్ముకుందో అర్థమైపోతుంది.

విలన్ పెరిగాడు.. వాయిద్యాలూ పెరిగాయి

మొదటి ‘స్టార్ వార్స్’లో వేడర్ ఇంకా ఒక అధికారి లాంటివాడే. పైన వేరేవాళ్లు ఉంటారు. అందుకే అతని వెనక వినిపించే సంగీతం కూడా చిన్నదే. సీక్వెల్ వచ్చేసరికి కథంతా అతని నీడలో నడుస్తుంది. విలియమ్స్ పాత ట్యూన్ సౌండ్ పెంచి సరిపెట్టుకోలేదు, ఆ పాత్రకి కొత్త సంతకం చేశారు. రెండు సినిమాలకీ వాయించింది లండన్ సింఫనీ ఆర్కెస్ట్రానే. మారింది ఆలోచన.

అసలు అందం మూడో సినిమాలో ఉంది. 1983 నాటి ‘రిటర్న్ ఆఫ్ ద జెడై’లో వేడర్ చనిపోయేటప్పుడు అదే మార్చ్ మెల్లగా, బలం లేనట్టుగా వినిపిస్తుంది. చివరి స్వరాలు హార్ప్ తీగల మీద ఒక్కొక్కటిగా రాలిపోతాయి. భయపెట్టిన ట్యూనే జాలి పుట్టిస్తుంది. డైలాగ్ చేయలేని పని అది.

మన తరానికి బాగా తెలిసిన ఉదాహరణ ‘ద డార్క్ నైట్’. 2005 నాటి ‘బ్యాట్‌మ్యాన్ బిగిన్స్’కి హాన్స్ జిమ్మర్, జేమ్స్ న్యూటన్ హోవార్డ్ కలిసి పనిచేశారు. 2008లో జోకర్ వచ్చాడు. అతనికి ట్యూన్ అంటూ దాదాపు లేదు. చెల్లో మీద ఒకే స్వరం సన్నగా మొదలై, సాగి సాగి, ఎప్పుడు తెగుతుందో తెలియనట్టు వేధిస్తుంది. రూల్స్ లేని మనిషికి రాగం ఎందుకన్నట్టు! పాత బ్యాట్‌మ్యాన్ సంగీతం అలాగే ఉంది, దాని ఎదురుగా కొత్త శత్రువు నిలబడ్డాడు.

ఒకే ట్యూన్, రెండు తలరాతలు

1993 ‘జురాసిక్ పార్క్’లో ఆ సైంటిస్టులు మొదటిసారి బ్రాకియోసారస్‌ని చూసే సీన్ గుర్తుందా? నోరు తెరిచి నిలబడిపోతారు. అప్పుడు విలియమ్స్ థీమ్ మెల్లగా లేస్తుంది. గుడిలో పాడే ప్రార్థనలా ఉంటుంది. అక్కడ మనం విన్నది ఆశ్చర్యాన్ని.

1997 సీక్వెల్ ‘ద లాస్ట్ వరల్డ్’కి కూడా ఆయనే. కానీ ఈసారి డైనోసార్లు ఉన్నాయని వాళ్లకీ తెలుసు, మనకీ తెలుసు. ఆశ్చర్యం అయిపోయింది, ఇక భయమే మిగిలింది. అందుకే అడవి డప్పుల మీద నడిచే కొత్త సంగీతం రాశారు. హిట్టయిన పాత థీమ్‌ని మాత్రం చాలా పొదుపుగా వాడారు. చేతిలో అంత పెద్ద ట్యూన్ పెట్టుకుని వాడకుండా ఉండాలంటే ధైర్యం కావాలి.

2015లో ‘జురాసిక్ వరల్డ్’ వచ్చింది. సంగీతం మైకేల్ జియాకినో. ఒక పిల్లాడు హోటల్ గదిలోకి పరిగెత్తుకుంటూ వెళ్లి బాల్కనీ తలుపులు తెరుస్తాడు. పార్కు మొత్తం కనిపిస్తుంది. వెంటనే అదే పాత థీమ్ ఆకాశాన్నంటుతుంది. నాకూ ఒళ్లు పులకరించింది, అబద్ధం చెప్పను. కానీ బొమ్మ తీసేసి ఆలోచిస్తే.. 1993లో ప్రాణమున్న జీవిని చూసి పుట్టిన ట్యూన్ ఇక్కడ టూరిస్టు రిసార్టుకి పనిచేస్తోంది. ఆ పులకరింత ఈ సీన్ సంపాదించుకున్నది కాదు, పాత సినిమా దగ్గర అప్పు తెచ్చుకున్నది.

అప్పు తెచ్చుకున్నా సరిపోని సందర్భమూ ఉంది. 1978 ‘సూపర్‌మ్యాన్’కి విలియమ్స్ భారీ ఆర్కెస్ట్రాతో స్కోర్ చేశారు. రెండో భాగానికి ఆయన లేరు. ఆయన థీమ్స్‌నే కెన్ థోర్న్ చిన్న వాద్యబృందంతో మళ్లీ కూర్చారు. ట్యూన్ అదే, నిండుదనం లేదు. రెండూ వరసగా వింటే తేడా పది సెకన్లలో తెలిసిపోతుంది.

‘గాడ్‌ఫాదర్’ది ఇంకో చిత్రం. 1972 సినిమాకి నీనో రోటా సంగీతం ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లి ఆగిపోయింది. ప్రేమ థీమ్‌ని ఆయన అంతకుముందే 1958లో ‘ఫార్చునెల్లా’ అనే సినిమాకి వాడేశారని తేలడమే కారణం. 1974లో వచ్చిన పార్ట్ 2లోనూ ఆ థీమ్ ఉంది. అయినా ఈసారి రోటాకీ, కార్మైన్ కొప్పోలాకీ కలిపి ఆస్కార్ వచ్చేసింది!

మాహిష్మతిలో ఒకే పేరు, రెండు అర్థాలు

మన ఇంటికొద్దాం. 2015లో ‘బాహుబలి: ది బిగినింగ్’, 2017లో ‘ది కన్‌క్లూజన్’. రెండింటికీ ఎం.ఎం.కీరవాణే.

మొదటి భాగంలో భల్లాలదేవుడి విగ్రహం లేపే సీన్ తీసుకోండి. జారిపోతున్న విగ్రహాన్ని శివుడు తాడు పట్టుకుని ఆపుతాడు. అతని ముఖం చూసిన ఒకరి నోట ఒక పేరు వస్తుంది. అది నోటి నుంచి నోటికి పాకి హోరైపోతుంది. అక్కడ జనం గొంతులే థీమ్ మ్యూజిక్. గమ్మత్తేంటంటే, ఆ పేరు ఎవరిదో వాళ్లకి తెలుసు, మనకి తెలియదు. శివుడికీ తెలియదు. మన ఒళ్లు జలదరించేది ఆ తెలియనితనం వల్లే.

రెండో భాగం ఇంటర్వెల్‌కి రండి. కిరీటం భల్లాలదేవుడికి దక్కింది. అమరేంద్ర బాహుబలి సేనాధిపతిగా ప్రమాణం చేస్తాడు. మళ్లీ అదే పేరు, అదే జనం హోరు. సింహాసనం మీద కూర్చున్నవాడి ముఖం మారిపోతుంది. ఈసారి మనకి అంతా తెలుసు. ఈ ప్రేమే అతని ప్రాణం మీదికి తెస్తుందనీ తెలుసు, ఎవరి కత్తికి బలవుతాడో కూడా తెలుసు. మొదటి భాగంలో ప్రశ్నలా వినిపించిన పేరు ఇక్కడ అన్యాయం మీద ఫిర్యాదులా వినిపిస్తుంది. శబ్దం ఒకటే, అర్థం రెండు.

టైటిల్స్ దగ్గర కూడా అంతే. గత కథ గుర్తుచేయడానికి వాయిస్ ఓవర్ పెట్టి సరిపెట్టొచ్చు. కానీ మొదటి భాగం ఘట్టాలు శిల్పాల్లా నిలిచిపోయి కనిపిస్తుంటే కాలభైరవ గొంతులో ‘ఒక ప్రాణం’ సాగుతుంది. రెండేళ్ల ఎదురుచూపుని ఒక్క పాటలో మళ్లీ మన చేతికిచ్చారు.

మరి మిగతా సీక్వెల్స్ సంగతి?

ఇప్పుడు క్లైమాక్స్ అవ్వగానే ‘పార్ట్ 2 త్వరలో’ అని కార్డు వేయడం మామూలైపోయింది. కథకి కొక్కెం వదులుతున్నారు, సంగీతానికి వదలట్లేదు. మొదటి భాగంలో విత్తనం వేయకపోతే రెండో భాగంలో కోసుకోవడానికి ఏముంటుంది? అందుకే చాలాచోట్ల డ్రమ్ములు, కోరస్, సౌండ్ పెంచేయడమే మిగులుతోంది. థియేటర్లో చెవులు గింగురుమంటాయి, బైక్ స్టార్ట్ చేసేసరికి ఒక్క స్వరం గుర్తుండదు.

ఇంకో చిక్కు టైమ్. నేపథ్య సంగీతం దాదాపు చివరి దశలో జరిగే పని. రిలీజ్ డేట్ ముందే ఖరారయ్యాక, షూటింగ్ ఆలస్యమైన ప్రతి రోజూ దీని నుంచే కోసుకుపోతుంది. ‘పుష్ప’ రెండు భాగాలకూ దేవిశ్రీ ప్రసాదే, కానీ 2024 డిసెంబర్‌లో వచ్చిన రెండో భాగంలో అదనపు నేపథ్య సంగీతానికి శామ్ సి.ఎస్. పేరు కూడా ఉంది. ‘భారతీయుడు’కి 1996లో ఏ.ఆర్.రెహమాన్ చేస్తే, 2024లో రెండో భాగానికి అనిరుధ్ వచ్చారు. చేయి మారడం తప్పేం కాదు. కానీ మొదటి భాగంలో ఏది కదిలించిందో కొత్త చేతికి తెలియాలి, తెలుసుకునేంత టైమూ ఉండాలి.

ఇందులో మన వాటా కూడా ఉంది. పాట లిరికల్ వీడియోకి మొదటి గంటలో ఎన్ని వ్యూస్ వచ్చాయో లెక్కపెడతాం. బీజీఎం ఆల్బమ్ నెలల తర్వాత వచ్చినా, అసలు రాకపోయినా పట్టించుకోం. అడిగేవాళ్లుంటేనే కదా ఇచ్చేవాళ్లుంటారు!

ఈ వీకెండ్ ఇలా వినండి

* ఒక జంట ఎంచుకోండి. ‘జురాసిక్ పార్క్’, ‘ద లాస్ట్ వరల్డ్’తో మొదలుపెడితే తేలిక.
* ముందు ఒరిజినల్ థీమ్ రెండుసార్లు వినండి, కూనిరాగం తీయగలిగేంత.
* తర్వాత సీక్వెల్ స్కోర్ పెట్టి, పాత ట్యూన్ మొదట ఎక్కడ తగిలిందో టైమ్ రాసుకోండి.
* అప్పుడు ఆ సీన్ చూడండి. ట్యూన్ ఆ సీన్‌కి కొత్త అర్థం ఇచ్చిందా, లేక పాత చప్పట్లు మళ్లీ అడుక్కుందా? ఈ ఒక్క ప్రశ్న చాలు.

వచ్చే సీక్వెల్ టీజర్ నుంచే ఈ ప్రశ్న మొదలుపెట్టండి. రివ్యూ వచ్చేదాకా ఆగక్కర్లేదు.