వీసము నుండి దశాంశమునకు

1957వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన భారతదేశమున రూపాయి విలువ మారలేదు. రూపాయిని విభజించు పద్ధతి మారినది. అంతవరకు రూపాయికి పదునారు అణాలు. అణాకు నాలుగు కానులు, లేక పండ్రెండు పైలు. ఆనాటినుండి రూపాయికి నూరు నయాపైసలు. 'నయా' యను మాటను 1964 జూన్ 1వ తేదీన తొలగించిరి. కొన్ని యేండ్లపాటు పాత నాణెములును క్రొత్త నాణెములును అంగడిలో కలిసియే తిరిగినవి. కూరలమ్ము ముసలమ్మకును, షావుకారు కొట్టులోని గుమాస్తాకును భిన్నములతో ఒకేమారు పని పడినది.

తెలుగువారికి భిన్నములు క్రొత్త కావు. వానికి చక్కని పేర్లు కలవు. ఒకటిలో సగము అర, అరలో సగము పాతిక, పాతికలో సగము పరక, పరకలో సగము వీసము. వీసములో నాలుగవ వంతు కాని. రూపాయిలో పాతిక పావలా, పరక బేడ, వీసము అణా. ఈ లెక్క యంతయు సగము చేయుటపై నిలిచినది. బెల్లపు దిమ్మను సగము చేయుట ఎవరికైనను సాధ్యము. దానిని పది సమభాగములు చేయుమనినచో నేర్పరియు తడబడును.

అట్లయిన పదిని ఏల ఎన్నుకొనిరి? అంకెలు వ్రాయు పద్ధతి పదిపై ఆధారపడియుండుటయే కారణము. 555 అను సంఖ్యలో ఒకే అంకె మూడుమారులున్నను, కుడివైపునది అయిదు, నడిమిది ఏబది, ఎడమవైపునది అయిదువందలు. ఎడమకు జరిగినకొలది స్థానవిలువ పదిరెట్లగుచుండును. ఆర్యభటుడు క్రీ. శ. 499 ప్రాంతమున రచించిన ఆర్యభటీయమున ఈ నియమమును చెప్పెను. దానినే త్రిప్పి చూచినచో, కుడికి జరిగినకొలది విలువ పదవ వంతగుచుండును. ఒకట్ల స్థానమువద్ద ఆగవలెనను నిర్బంధమేమియు లేదు. ఇంకొక అడుగు వేసినచో దశాంశములు, ఆపై శతాంశములు, ఆపై సహస్రాంశములు. ఒకట్లు ముగిసిన చోటును చూపుటకే బిందువు. దానికి తనదంటూ విలువ లేదు.

ఈ రెండవ అడుగు ఐరోపాలో వ్యాప్తి చెందుటకు సైమన్ స్టెవిన్ 1585లో ప్రకటించిన చిన్న పుస్తకము మిక్కిలి తోడ్పడినది. అతడు బిందువును వాడలేదు; ప్రతి అంకె ప్రక్కను దాని స్థానసంఖ్యను చిన్న వలయములో వ్రాసెను. నాణెములను, కొలతలను పదవ వంతులుగా విభజింపవలెనని పాలకులకు సూచించినవాడును అతడే. అది మన రూపాయికి అమలగుటకు 372 సంవత్సరములు పట్టినది.

స్థానమును గమనింపని లెక్క చేటు తెచ్చును. ఏడు రూపాయల అయిదు పైసలను 7.05 అని వ్రాయవలెను. సున్న 'ఏమియు లేదు' కదా యని విడిచి 7.5 అని వ్రాసినవాడు ఏడు రూపాయల ఏబది పైసలు వ్రాసినట్లు. నలుబదియైదు పైసలు తప్పిపోయినవి. ఆ సున్న దశాంశ స్థానమును కాచుచున్నది. అట్లే 0.125 చూచుటకు పొడవైనను 0.5 కంటె చిన్నది. మొదటిది పరక, రెండవది అర.

ఆ సంగతి తెలియుటకు దశాంశమును సామాన్య భిన్నముగా మార్చవలెను. దశాంశము హారమును దాచుకొన్న భిన్నము. బిందువును తీసివేసి, మిగిలిన సంఖ్యను లవముగా వ్రాసి, బిందువు తరువాత ఎన్ని అంకెలున్నవో ఒకటి ప్రక్క అన్ని సున్నలుంచి హారముగా వ్రాసినచో దాగినది బయటపడును. 0.125 అనగా 125/1000. పైని క్రిందను 125తో భాగింపగా 1/8. 0.0625 అనగా 625/10000, అనగా 1/16, అదియే వీసము.

అణా కష్టమంతయు ఈ 0.0625లోనే యున్నది. అణాకు ఆరుంబాతిక నయాపైసలు. పాతిక నయాపైస నాణెము లేదు. అందుచే అర నయాపైసకు మించిన ముక్కను ఒకటిగా ఎంచి, మించనిదానిని విడిచివేయు నియమము పెట్టిరి. దాని ప్రకారము ఒక అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు సరిగా 25. అణా సరుకు నాలుగుమారులు కొని నయాపైసలు చెల్లించినచో 24 మాత్రమే. అంగడివానికి ఒకటి నష్టము. కానికి 1.5625 గనుక రెండు నయాపైసలు. అణా సరుకు ఒకేమారు కొన్నవాడు ఆరు చెల్లింపగా, కాని చొప్పున నాలుగుమారులు కొన్న బీదవాడు ఎనిమిది చెల్లింపవలసివచ్చును. మొత్తమంతయు కూడిన పిదప ఒక్కమారే సవరింపవలెనని గణితము చెప్పును గాని, పూటకు పూట కొనుక్కొనువానికి ఆ మొత్తము ఎక్కడిది?

పాత లెక్కకొక గుణము కలదు. అణాకు పండ్రెండు పైలు గనుక రూపాయిని ముగ్గురకు పంచినచో తలకు అయిదణాల నాలుగు పైలు, శేషము లేదు. నూరు పైసలను పంచినచో తలకు ముప్పదిమూడు వచ్చి ఒకటి మిగులును. రెండును అయిదును తప్ప వేరు ప్రధాన కారణాంకము లేని హారములే దశాంశములలో ముగియును. మూడు ఆ కోవలోనిది కాదు. 1/3 వ్రాయబోయినచో 0.333... అని మూడులు తెగక సాగును. అయినను దానిని తిరిగి భిన్నముగా మార్చవచ్చును. దానికి పదిరెట్లు 3.333...; అందుండి 0.333... తీసివేయగా మిగిలినది 3. అనగా ఆ సంఖ్యకు తొమ్మిదిరెట్లు 3. కావున అది 3/9, అనగా 1/3.

ఇరువదియైదు పైసల నాణెము 2011 జూన్ 30వ తేదీనుండి చెల్లకుండ పోయినది. పావలా యను మాట మాత్రము నోళ్లలో నిలిచినది. తెలుగునాట వడ్డీని నేటికిని నూటికి నెలకింతయని చెప్పుదురు. పావలా వడ్డీ యనగా నూరు రూపాయలకు నెలకు 0.25 రూపాయి, అనగా 1/4 రూపాయి; పండ్రెండు నెలలకు మూడు రూపాయలు. రూపాయిన్నర వడ్డీ యనగా 1.5, అనగా 3/2; సంవత్సరమునకు నూటికి పదునెనిమిది. పది వేలు అప్పు తెచ్చుకొన్నవానికి ఈ రెంటి భేదము ఏటికి పదునైదు వందల రూపాయలు.